దోమయు, కందిరీగయు: క్షిపణి పడవల కథ

సముద్రముపై బలమెవరిది అను ప్రశ్నకు శతాబ్దముల తరబడి ఒక్కటే సమాధానము వినవచ్చెడిది. ఎవరి ఓడ పెద్దదో, ఎవరి ఫిరంగి దూరము కొట్టునో, సముద్రము వారిదే. పెద్ద ఓడను కట్టుటకు ఉక్కు కావలెను, రేవులు కావలెను, వేలకొలది పనివారు కావలెను. అన్నిటికిని మించి ధనము కావలెను. కావున సముద్రాధిపత్యము సంపన్న రాజ్యముల సొత్తుగా ఉండిపోయెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పదునైదేండ్లకు, రెండువందల టన్నుల బరువైనను సరిగా తూగని ఒక పడవ ఈ లెక్కను తారుమారు చేసినది. పిట్ట కొంచెము, కూత ఘనము అను సామెతకు నౌకాచరిత్రలో ఇంతకంటె తగిన నిదర్శనము దొరకదు. దాని పుట్టుక ఎట్టిది, దాని ప్రతాపము ఎట్టిది, ఆ ప్రతాపము ఎంతకాలము నిలిచినది అను విషయములను ఈ ప్రసంగమున విచారింతము.

చిన్న పడవ పెద్ద ఓడను ముంచుట అంతకు పూర్వము లేనిది కాదు. 1918 జూన్ 10వ తేదీ తెల్లవారుజామున, ఆడ్రియాటిక్ సముద్రమున, లుయీజీ రిజ్జో అను ఇటలీ నావికాధికారి కొలది టన్నుల మోటారు పడవతో ఆస్ట్రియా-హంగరీల మహానౌక సెంట్ ఇష్ట్వాన్‌ను సమీపించి రెండు టార్పెడోలను వదలెను. ఇరువదివేల టన్నుల ఆ నౌక కొన్ని గంటలలో తలక్రిందులై మునిగిపోయినది. రెండవ ప్రపంచయుద్ధమున ఇంగ్లండు, జర్మనీ, అమెరికా, రష్యా, ఇటలీ దేశములన్నియు టార్పెడో పడవలను వందలకొలదిగా నిర్మించెను. అనంతరకాలమున అమెరికా అధ్యక్షుడైన జాన్ కెనడీ 1943లో సాలమన్ దీవుల చెంత నడపినది ఇట్టి పడవనే. ఒక జపాను డిస్ట్రాయరు ఢీకొని దానిని రెండుగా చీల్చివేసినది.

ఆ ప్రమాదమే టార్పెడో పడవల బలహీనతను తెలుపుచున్నది. టార్పెడో నీటిలో ఈదుచు పోవునది. అది తప్పక తగులవలెనన్నచో పడవ శత్రువునకు మిక్కిలి చేరువకు పోవలెను. అట్లు పోవునంతసేపును శత్రువుల ఫిరంగులు ఊరకుండవు. పలుచని కొయ్యపలకలతో కట్టిన పడవకు ఒక్క గుండు చాలును. చీకటి, వేగము, నావికుల తెగువ, ఈ మూడే దానికి కవచములు. రాడారు వచ్చినపిమ్మట చీకటి యను కవచము కూడ తొలగిపోయినది. చిన్న పడవల కాలము ముగిసినదని అనేకులు తలచిరి.

ఈ చిక్కును విడదీయుటకు సోవియట్ రష్యా ఒక మార్గమును వెదకెను. 1953లో స్టాలిన్ మరణించిన పిమ్మట, ఆయన తలపెట్టిన భారీ యుద్ధనౌకల నిర్మాణము చాలవరకు నిలిచిపోయినది. క్రుశ్చేవ్ ప్రభుత్వము క్షిపణులను నమ్ముకొన్నది. రష్యా తీరము అతి దీర్ఘమైనది. అమెరికా విమానవాహక నౌకలకు సరియైన నౌకలు దానికి లేవు. ఓడను అంతటిదిగా కట్టలేనప్పుడు, ఆయుధమునకే దూరము పోగల శక్తి నీయరాదా అని వారు యోచించిరి. ఆ యోచన ఫలితమే పి-15 అను క్షిపణి. పాశ్చాత్యులు దానికి ‘స్టిక్స్’ అని పేరిడిరి.

ఇది చూచుటకు చిన్న విమానమువలె నుండును. రెండు టన్నులకు మించిన బరువు. దాని ముందుభాగమున సుమారు 500 కిలోగ్రాముల ప్రేలుడు పదార్థము. దాదాపు 40 కిలోమీటర్ల దూరము, ధ్వనివేగమునకు కొంచెము తక్కువ వేగముతో పోగలదు. పడవనుండి లేచునపుడు ఒక తారాజువ్వ దానిని ముందుకు త్రోసి జారిపోవును. ఆ తరువాత దానిలోని ద్రవ ఇంధనపు యంత్రము పనిచేయును. కొంతదూరము తనంతట తాను తిన్నగా పోయి, గురి సమీపించిన వెనుక తన ముక్కున అమర్చిన చిన్న రాడారును తెరచి, ఎదుటనున్న నౌకను తానే వెదకుకొనును. పడవలోని నావికుడు శత్రువును కన్నులతో చూడనక్కరలేదు. రాడారు తెరపై ఒక చుక్క కనిపించిన చాలును. అంతకు పూర్వము మహానౌకల పెద్ద ఫిరంగులకు మాత్రమే అందెడి దూరము ఈ విధముగా ఒక చిన్న పడవకు అందివచ్చినది.

మొదట ఈ క్షిపణులను రెండేసి చొప్పున పాత టార్పెడో పడవల నమూనాలోని కొయ్య పడవలపైకెక్కించిరి. సుమారు ఎనుబది అడుగుల పొడవు గల ఈ పడవలకు పాశ్చాత్య సైనికకూటమి వారు ‘కొమార్’ అని పేరు పెట్టిరి. రష్యను భాషలో కొమార్ అనగా దోమ. దోమ పనిచేసినదే గాని, అలలకు ఓర్వలేకపోయినది. అందుచేత 1960 ప్రాంతమునుండి ఉక్కుతో కొత్త పడవను కట్టనారంభించిరి. దీని పేరు ‘ఓసా’, అనగా కందిరీగ. పొడవు 38 మీటర్లకు పైగా, వెడల్పు ఏడున్నర మీటర్లు. లోపల మూడు డీసెల్ యంత్రములు. ఒక్కొక్క యంత్రమునకు 42 సిలిండర్లు, నాలుగువేల అశ్వబలము. గంటకు 38 నాటికల్ మైళ్లు పోగలదు. పైభాగమున నాలుగు గూండ్లలో నాలుగు క్షిపణులు. ముందు వెనుకల జంట తుపాకులు. నావికులు ముప్పదిమందికి మించరు. సోవియట్ యూనియన్‌లోను, చీనాలోను కలిపి ఇట్టి పడవలను నాలుగువందలకు పైగా కట్టిరి. క్షిపణి పడవలలో ఇంత పెద్దసంఖ్యలో నిర్మింపబడిన జాతి మరియొకటి లేదు.

దీని లోపములను కూడ చెప్పవలెను. ఇంధనము త్వరగా అయిపోవును. పెద్ద తుపానున నిలువలేదు. విమానము పైనుండి దాడిచేసినచో దాని తుపాకులు అంతగా కాపాడజాలవు. క్షిపణిలో పోసెడి ద్రవములు విషపూరితములు, చర్మమును కాల్చివేయునవి. వానిని నింపునపుడు నావికులు ప్రత్యేకమైన దుస్తులు ధరించి మిక్కిలి జాగరూకతతో మెలగవలసియుండెను. ఇది తీరమును కాపాడుటకు పుట్టిన పడవయే గాని, దూరసముద్రములను దాటుటకు పుట్టినది కాదు. ఈ సంగతిని చదువరులు గుర్తుంచుకొందురు గాక. ముందు రానున్న కథకు ఇదియే కీలకము.

1962లో క్యూబా సంక్షోభ సమయమున పండ్రెండు కొమార్ పడవలు ఆ ద్వీపమునకు చేరెను. ఈజిప్టు, సిరియా, ఇండొనీషియా మొదలగు దేశములును వానిని సంపాదించెను. ఐనను పాశ్చాత్య నౌకాదళములు వానిని అంతగా లెక్కచేయలేదు. 1967 అక్టోబరు 21వ తేదీ సాయంకాలమున ఆ ఉపేక్షకు ఫలము కనబడినది. ఇజ్రాయేలు డిస్ట్రాయరు ఐలాట్ పోర్టు సయ్యదు రేవునకు పదమూడు, పదునాలుగు నాటికల్ మైళ్ల దూరమున గస్తీ తిరుగుచుండెను. అది 1944లో ఇంగ్లండున కట్టబడిన ఓడ. కొలది మాసముల క్రిందటనే, జూలైలో, అది ఈజిప్టు టార్పెడో పడవలను రెండింటిని ముంచియుండెను. ఇప్పుడు ఈజిప్టు కొమార్ పడవలు రేవు విడిచి రాకయే క్షిపణులను వదలెను. ఆకాశమున ఒక వెలుగు తమవైపు వచ్చుట ఐలాట్ నావికులు చూచిరి. తుపాకులతో కాల్చిరి, ఓడను త్రిప్పజూచిరి, ఫలింపలేదు. మొదటి రెండు దెబ్బలతో ఓడ కదలలేని స్థితికి వచ్చినది. గంటకు పైగా గడచిన తరువాత వచ్చిన మరియొక క్షిపణి దానిని ముంచివేసినది. 47 మంది మరణించిరి. మూడు దినములకు ఇజ్రాయేలు ఫిరంగులు సూయజ్ పట్టణమందలి చమురుశుద్ధి కర్మాగారములను తగులబెట్టి పగ తీర్చుకొనెను.

నౌకనుండి వెడలిన క్షిపణిచేత ఒక యుద్ధనౌక మునుగుట చరిత్రలో ఇదియే ప్రథమము. ప్రపంచమందలి నౌకాదళములన్నియు ఉలికిపడెను. తమతమ దేశములలో క్షిపణుల నిర్మాణమును త్వరపరచుకొనవలెనని ఫ్రాన్సు, అమెరికాలకు తోచినది. ఫ్రాన్సువారి ఎక్సోసెట్, అమెరికావారి హార్పూన్ అనునవి ఆ తరువాతి దశాబ్దమున నౌకలకెక్కెను.

ఇక మన దేశపు సంగతి. భారత నౌకాదళము సోవియట్ యూనియన్‌నుండి ఎనిమిది ఓసా పడవలను కొనుటకు ఒడంబడిక చేసికొన్నది. వానిని నడపవలసిన అధికారులును, నావికులును వ్లాడివొస్టాక్ నగరమునకు పోయి, మంచు కురియు ఆ చలిదేశమున రష్యను భాష నేర్చుకొని, యంత్రములను, క్షిపణులను నడపుటలో శిక్షణ పొందిరి. 1971 తొలినాళ్లలో పడవలు పెద్ద సరుకుల ఓడలపై వచ్చెను. వానిని ఓడనుండి దింపుటకు చాలినంత బలమైన క్రేనులు బొంబాయి రేవున లేకపోవుటచే కలకత్తాలో దింపవలసివచ్చెను. అచటినుండి మోకులు కట్టి, వంగ సముద్రము గుండ దక్షిణ ద్వీపకల్పమును చుట్టి, బొంబాయికి లాగుకొనివచ్చిరి.

ఆ పడవలకు పెట్టిన పేర్లు విద్యుత్, విజేత, వినాశ్, వీర్, నాశక్, నిపాత్, నిర్భీక్, నిర్ఘాత్ అనునవి. ఇందలి ఒక్క పేరునకైనను తెలుగువారికి అర్థము చెప్పనక్కరలేదు. పిడుగుపాటు, మెరుపు, భయములేమి, వినాశము: పేరుపెట్టినవారి ఆంతర్యము స్పష్టముగనే యున్నది. ఈ ఎనిమిదింటితో ఏర్పడినది 25వ క్షిపణి పడవల దళము.

వీనిని దేనికి వాడవలెను? బొంబాయి రేవును కాపాడుటకు అని మొదటి ఆలోచన. వాని నిర్మాణమునకు తగిన పనియు అదియే. కాని కలకత్తానుండి బొంబాయివరకు లాగుకొనివచ్చిన ఆ దీర్ఘయాత్ర మరియొక సంగతిని తెలిపినది. ఈ పడవలను ఇంత దూరము లాగవచ్చుననుచో, శత్రువు ముంగిటికి మాత్రము ఏల లాగరాదు? బొంబాయినుండి కరాచీ దాదాపు 500 నాటికల్ మైళ్లు. పడవ తన ఇంధనముతోనే పోయినచో తిరిగివచ్చుట కష్టము. పెద్ద నౌకలు కొంతదూరము లాగుకొనిపోవుట, చమురు ఓడను వెంట నుంచుకొనుట అను ఉపాయములను ఆ సంవత్సరమంతయు అభ్యసించిరి. నాటి ప్రధాన నౌకాధిపతి అడ్మిరల్ ఎస్. ఎం. నందా ఈ సాహసమునకు సమ్మతించెను. ఇందు పొరపాటు జరిగినచో కలుగు నష్టము చిన్నది కాదు. పగటివేళ పాకిస్తాను విమానముల కంటబడినచో పడవలును, వానిలోని వారును తిరిగిరారు.

1971 డిసెంబరు 3వ తేదీ సాయంకాలము పాకిస్తాను విమానములు మన విమానాశ్రయములపై దాడిచేయుటతో యుద్ధము ప్రారంభమయ్యెను. మరునాటి రాత్రి నిపాత్, నిర్ఘాత్, వీర్ అను మూడు పడవలు, కిల్తాన్, కచ్చల్ అను రెండు నౌకలు తోడురాగా, కరాచీవైపు సాగిపోయెను. పగలంతయు శత్రు విమానముల చూపునకందని దూరమున మసలి, చీకటి పడిన పిమ్మట వేగము హెచ్చించిరి. దళనాయకుడు కమాండర్ బబ్రూభాన్ యాదవ్ నిపాత్‌పై నుండెను. కిల్తాన్‌కు కమాండర్ కె. పి. గోపాలరావు అధిపతి. శత్రువులు ఆలకించినను గ్రహింపకుండుటకై మనవారు రేడియోలో రష్యను భాషలో మాటలాడుకొనిరని చెప్పుదురు.

రాత్రి పదిగంటల ముప్పావు ప్రాంతమున నిర్ఘాత్ మొదటి క్షిపణిని వదలెను. అది పాకిస్తాను డిస్ట్రాయరు ఖైబర్‌ను తాకినది. ఇది విమానదాడి యని ఆ ఓడవారు భ్రమించి అట్లే కరాచీకి వార్త పంపిరి. కొన్ని నిమిషములకు వచ్చిన రెండవ క్షిపణితో ఓడ మునిగిపోయినది. ఆ తొందరలో పంపిన వార్తలో ఓడ ఉన్న తావు తప్పుగా నుండుటచే, సాయము చేయవలసినవారు చాలసేపు వేరుచోట వెదకిరి. రెండువందలమందికి పైగా నావికులు ప్రాణములు కోల్పోయిరి. నిపాత్ వదలిన క్షిపణి వీనస్ చాలెంజర్ అను వర్తకనౌకను ముంచెను. వీర్ వదలినది మునిగిపోయిన వీరి నావికులకు మాట పంపుటకైనను వ్యవధి నీయలేదు: ముహాఫిజ్ అను ఆ చిన్న నౌక, సముద్రపు మందుపాతరలను ఏరివేయునది, ఒక్క దెబ్బతో చెదరిపోయినది. నీటిలో తేలుచు బ్రతికియున్నవారిని తుదకు ఒక గస్తీ పడవ కనుగొని తీసికొనిపోయెను. మన పడవలన్నియు క్షేమముగా తిరిగివచ్చెను.

ఈ దాడికి ‘త్రిశూల’ మను అర్థముగల ‘ట్రైడెంట్’ అను పేరుండెను. దాని భయము కరాచీని ఎట్లు ఆవరించినదో డిసెంబరు 6వ తేదీ ఉదయమున జరిగిన ఒక విషాదము తెలుపును. క్షిపణి పడవలు మరల వచ్చినవను తప్పుడు వార్తను నమ్మి, పాకిస్తాను విమానము తమ దేశపు జుల్ఫికర్ అను నౌకపైననే గుండ్లు కురిపించెను. 8వ తేదీ రాత్రి, సముద్రము కల్లోలముగా నున్నను, వినాశ్ ఒక్కటియే త్రిశూల్, తల్వార్ అను నౌకల తోడుతో మరల కరాచీని సమీపించి తన నాలుగు క్షిపణులను వదలినది. ఒకటి కేమారీ చమురు నిల్వలకు నిప్పంటించెను. తక్కినవి పాకిస్తాను చమురు ఓడ ఢాకాను, లంగరు వేసియున్న రెండు విదేశీ వర్తక నౌకలను తాకెను. రాడారు చుక్కకు శత్రువెవరో, బాటసారి యెవరో తెలియదు. దూరమునుండి కొట్టు ఆయుధమునకు గల ఈ అంధత్వమును మరువరాదు.

ఆ యుద్ధమున నష్టము ఒకవైపే జరుగలేదు. 9వ తేదీ రాత్రి మన ఖుక్రీ నౌకను పాకిస్తాను జలాంతర్గామి ముంచివేయగా 18 మంది అధికారులు, 176 మంది నావికులు నౌకతోపాటు సముద్రగర్భమున కలసిపోయిరి. తూర్పుతీరమున, యుద్ధారంభ సమయమున, పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ విశాఖపట్టణము చెంత లోనివారందరితో మునిగిపోయెను. విశాఖవాసులు అప్పుడు యుద్ధమును వార్తలలో మాత్రమేగాక తమ తీరముననే ఎరుగవలసివచ్చెను. 1996లో ఆ నగర సముద్రతీరమున నెలకొల్పిన విజయస్మారకము ఆ దినములను తలపునకు తెచ్చుచుండును. కరాచీపై జరిగిన మొదటి దాడికి గుర్తుగా ఏటేటా డిసెంబరు 4వ తేదీ నౌకాదళ దినముగా జరుపుకొందుము. యాదవ్, గోపాలరావు లిరువురకును మహావీరచక్ర పురస్కారము లభించినది.

1967, 1971 సంవత్సరముల అనుభవమును చూచినవారికి, ఇక పెద్ద ఓడల కాలము తీరినదని తోచుట సహజము. కాని దెబ్బ తిన్నవారు ఊరకుండరు. ఐలాట్‌ను పోగొట్టుకొన్న ఇజ్రాయేలు, జర్మను నమూనాలో పండ్రెండు పడవలను ఫ్రాన్సులోని షెర్‌బూర్ రేవున కట్టించుకొన్నది. ఫ్రాన్సు ప్రభుత్వము ఆయుధముల ఎగుమతిని నిషేధింపగా, మిగిలిన ఐదు పడవలను 1969 డిసెంబరు మాసమున, క్రిస్మసు పండుగ రాత్రి, రహస్యముగా తరలించుకొనిపోయిరి. వానిపై గాబ్రియేల్ అను తమ క్షిపణిని అమర్చిరి. అది స్టిక్స్ పోవు దూరములో సగము మాత్రమే పోగలదు. సగము దూరము పోవు బాణముతో పూర్తి దూరము పోవు బాణమునెట్లు గెలుచుట? స్టిక్స్ క్షిపణి కన్ను రాడారు గదా. ఆ కన్నును మోసపుచ్చవలెనని వారు నిశ్చయించిరి. పలుచని లోహపు తునకలను ఆకాశమున వెదజల్లినచో రాడారుకు అవి ఓడవలె కనిపించును. విద్యుత్తరంగములతో దాని చూపును చెదరగొట్టవచ్చును.

1973 అక్టోబరు 6వ తేదీ రాత్రి, సిరియాలోని లటాకియా రేవు చెంత, క్షిపణి పడవలు క్షిపణి పడవలతో తలపడెను. లోకములో ఇట్టి యుద్ధము అదియే మొదటిది. సిరియా పడవలు దూరమునుండి ముందుగా క్షిపణులను వదలెను. అవి లోహపు తునకల మేఘములవెంట పోయి సముద్రమున పడెను. ఇజ్రాయేలు పడవలు సమీపించి ఐదు సిరియా నౌకలను ముంచివేసెను. వానిలో రెండు కొమార్లు, ఒక ఓసా. ఆ యుద్ధకాలమున సిరియా, ఈజిప్టులు ప్రయోగించిన స్టిక్స్ క్షిపణులలో ఒక్కటియైనను ఇజ్రాయేలు పడవను తాకలేదు. ఆరేండ్లనాడు అజేయమని తోచిన ఆయుధము ఒక్క రాత్రిలో సామాన్యమైనది. 1991లో కువైట్ యుద్ధమున బూబియాన్ దీవి ప్రాంతమున ఇరాకు పడవలను బ్రిటిషు హెలికాప్టర్లు చిన్న క్షిపణులతో వేటాడి నాశనము చేసినవి. విమానమునుండి తన్ను కాపాడుకొనలేకపోవుట అను పుట్టులోపము అక్కడ మరల బయటపడెను.

మన ఎనిమిది పడవలును కాలక్రమమున విశ్రాంతి పొందెను. వాని పేర్లు మాత్రము 1987 మొదలుకొని వచ్చిన కొత్త పడవలకు సంక్రమించెను. వానిలోనివే వీర్, నిపాత్ పడవలు 2016లోను, నిర్భీక్, నిర్ఘాత్ పడవలు 2018లోను సేవనుండి విరమించెను.

ఈ చరిత్రను సమీక్షించినచో ఒక సంగతి స్పష్టపడును. ఐలాట్‌ను ముంచినదియు, లటాకియాలో ఓడినదియు ఒకే క్షిపణి. ఖైబర్‌పై గెలిచిన పడవకును, సిరియా పోగొట్టుకొన్న పడవకును ఆకారమున భేదము లేదు. భేదమంతయు ఎదుటివారు ఎంతవరకు సంసిద్ధులై యుండిరన్న దానిలోనే యున్నది. ఐలాట్ నావికులకు ఆ వెలుగేమో తెలియదు. ఖైబర్ నావికులు దానిని విమానమనుకొనిరి. తెలిసికొన్నవారి ముందర ఆ వెలుగు దారితప్పి నీటిపాలయ్యెను. మనవారి విజయమునకు కూడ కారణము క్షిపణి యొక్కటియే కాదు. తీరరక్షణకై పుట్టిన పడవను దూరపు రేవునకు తీసికొనిపోవచ్చునని ఊహించి, ఆ ఊహను నెలల తరబడి సాధనచేసిన నావికుల ఓర్పు అంతకంటె పెద్ద కారణము. అమ్మకమునకు వచ్చిన ఆయుధమును ఏ దేశమైనను కొనవచ్చును. ఆ ఓర్పు మాత్రము ఏ సంతలోను దొరకదు.